మారబోయి వెనక్కి తిరిగినవాడు

మన సినిమాల్లో విలన్ మారడానికి అయిదు నిమిషాలు చాలు. ఆఖరి రీల్లో తల్లి ఏడుస్తుంది, హీరోకి తగలాల్సిన తూటాకి విలన్ అడ్డు పడతాడు, హీరో ఒడిలో తల పెట్టి క్షమించమంటాడు. హాలు బయటికొచ్చాక వాడు ఎందుకు మారాడని ఎవరూ అడగరు.

అమెరికాలో నికెలోడియన్ అనే పిల్లల చానల్ ఇదే పనికి మూడేళ్లు తీసుకుంది. 2005 ఫిబ్రవరిలో మొదలై 2008 జులైలో ముగిసిన 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' 61 ఎపిసోడ్ల యానిమేషన్ సీరియల్. మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనియెట్స్‌కో దాని సృష్టికర్తలు. నీరు, భూమి, అగ్ని, గాలి పేర్ల మీద నాలుగు జాతులున్న లోకం అది. అగ్ని రాజ్యం మిగతావాళ్ల మీద వందేళ్లుగా యుద్ధం చేస్తోంది. ఆపగలవాడు ఆంగ్ అనే పన్నెండేళ్ల అవతార్, అంటే నాలుగు శక్తులనూ నడపగల ఒకే ఒక్కడు, వందేళ్లు మంచులో గడ్డకట్టి లేచినవాడు. వాణ్ణి పట్టుకోవడానికి ఓడేసుకుని తిరుగుతున్నవాడు జూకో. తండ్రి వెళ్లగొట్టిన యువరాజు, ఎడమ కంటి చుట్టూ కాలిన మచ్చ, గుండు మీద పిలక, నోరు తెరిస్తే అరుపు. మొదటి ఎపిసోడ్లలో వాణ్ణి చూస్తే నవ్వే వస్తుంది. అవమానం తప్ప ఏమీ దక్కనివాడు విలనేమిటి అనిపిస్తుంది. ఆ నవ్వు రచయితలు కావాలని పెట్టిందే. నవ్వినవాళ్లే తర్వాత సిగ్గుపడాలి.

ఆ సిగ్గు పన్నెండో ఎపిసోడ్ 'ది స్టార్మ్'లో వస్తుంది. పదమూడేళ్ల వయసులో జూకో యుద్ధ సభలో కూర్చుంటాడు. కొత్తగా చేరిన సైనికుల దళాన్ని ఎరగా వాడి చంపించాలని ఓ సేనాని పథకం చెబుతాడు. ఇది ద్రోహం కాదా అని పిల్లాడు లేచి అడుగుతాడు. శిక్షగా ద్వంద్వయుద్ధం. ఎదురుగా వచ్చేది ఆ ముసలి సేనాని కదా అనుకుని ధైర్యంగా బరిలో దిగి, వెనక్కి తిరిగి చూస్తే నిలబడి ఉన్నది కన్నతండ్రి ఓజాయ్. సభ ఆయనది, మాట్లాడితే అవమానం ఆయనకి. పిల్లాడు పోరాడనని మోకరిల్లితే, తండ్రి ముఖం కాల్చి దేశం దాటిస్తాడు. అవతార్‌ని తెస్తేనే ఇంటికి రానిస్తానంటాడు. అప్పటికి అవతార్ కనబడక వందేళ్లయింది.

గతం చెప్పి జాలి పుట్టించడం పాత పద్ధతే, మన సీరియళ్లు వారానికోసారి చేస్తాయి. ఇక్కడ మెచ్చుకోవాల్సింది వేరే ఉంది. వాడి ముఖం మీద మచ్చ పడింది చెడు చేసినందుకు కాదు, మంచి మాట అన్నందుకు. అంటే మంచితనం వాడికి బయటినుంచి రానక్కర్లేదు, ఒకసారి ఉండి దెబ్బ తిన్నది. ఆ తర్వాత కథంతా ఆ దెబ్బకి భయపడ్డవాడు మళ్లీ నోరు తెరుస్తాడా అన్నదే.

మన సంప్రదాయంలో ప్రతినాయకుడికి కొరత లేదు. ఆలంకారికులు వాణ్ణి ధీరోద్ధతుడన్నారు, ఆ ఉద్ధతిని మనవాళ్లు ఇష్టపడ్డారు కూడా. 1977లో 'దానవీరశూరకర్ణ'లో ఎన్టీ రామారావు సుయోధనుడికి ఇచ్చిన ఠీవి చూసి జనం వాడి పక్షానికి పోయినంత పని చేశారు. కానీ సుయోధనుడు మొదట ఎలా ఉన్నాడో తొడ విరిగేదాకా అలాగే ఉంటాడు. ఎదుగుతాడు గాని మారడు. మారినవాడు కావాలంటే వాల్మీకి ఉన్నాడు. బోయవాడు పుట్టలోకి వెళ్లాడు, మహర్షి బయటికొచ్చాడు. పుట్ట లోపల ఏం జరిగిందో కథ చెప్పదు. ఏళ్ల తరబడి నడిచే సీరియల్‌కి ఉన్న సౌకర్యం ఆ లోపలి కాలాన్ని చూపగలగడం.

రెండో సీజన్ అంతా జూకో పుట్టలోనే ఉంటాడు. చెల్లెలు అజూలా వేటాడుతుంటే పిలక కోసి నదిలో వదిలేసి, శత్రుదేశంలో బిచ్చగాడిలా తిరుగుతాడు. 'జూకో అలోన్' ఎపిసోడ్‌లో ఆంగ్ బృందం ఒక్కసారి కూడా కనిపించదు. పిల్లల సీరియల్‌లో హీరోని పూర్తిగా తీసేసి విలన్‌కి అరగంట ఇవ్వడం తేలిక నిర్ణయం కాదు. ఓ రైతు కుటుంబం అన్నం పెడుతుంది, రౌడీ సైనికుల నుంచి వాళ్ల అబ్బాయిని కాపాడబోయి జూకో చేతిలోంచి నిప్పు బయటపడుతుంది. వాడు ఎవరో తెలిశాక ఊరంతా తరిమేస్తుంది, కాపాడిన ఆ పిల్లాడే ముఖం తిప్పుకుంటాడు. మంచి పని చేస్తే మంచి జరగలేదు. రచయితలు ఎక్కడా లంచం ఇవ్వరు.

మిగతా దారంతా వాడి పక్కన ఉండేది పెదనాన్న ఐరో. టీ కాచుకుంటూ తిరిగే ఈ లావుపాటి పెద్దమనిషి ఒకప్పుడు బా సింగ్ సే నగరాన్ని 600 రోజులు ముట్టడించి, కొడుకుని పోగొట్టుకుని వెనుదిరిగిన సేనాధిపతి. ఆ నగరంలోనే ఇప్పుడు టీకొట్టు పెడతాడు. జూకో అక్కడ టీ అందిస్తాడు, నవ్వడం నేర్చుకుంటాడు, జ్వరంతో పడుకుని లేచి కొత్త మనిషిలా కనిపిస్తాడు. ఇక మారాడని చూసేవాళ్లంతా నిశ్చయించుకుంటారు.

సరిగ్గా అక్కడ, భూగర్భ గుహలో, ఆంగ్ పక్షమా అజూలా పక్షమా అని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు జూకో అజూలాతో కలుస్తాడు. అంతకు కొద్ది క్షణాల ముందే ఆంగ్ స్నేహితురాలు కటారా వాడి మచ్చను నయం చేస్తానని చెయ్యి చాపింది. అజూలా మెరుపు వేసి ఆంగ్‌ని కూలుస్తుంది, ఐరో చెరకి పోతాడు. 2006 డిసెంబర్లో సీజన్ అక్కడ ఆగింది. తర్వాతి సీజన్ వచ్చింది 2007 సెప్టెంబర్లో. అన్ని నెలలూ పిల్లలు ఆ ద్రోహాన్ని మోశారు.

ఈ సీరియల్ రచయితల నుంచి నేర్చుకోదగ్గ కిటుకు ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను. చూసేవాడు క్షమించడానికి సిద్ధమైన క్షణంలో పాత్రని తప్పు చేయనివ్వడం. అది మోసం కాదు, లెక్క ప్రకారం జరగాల్సిందే. మూడేళ్లు ఇంటికోసం ఏడ్చినవాడికి ఎదురుగా ఇల్లు తలుపు తీస్తే టీకొట్టు ఏ మూల నిలుస్తుంది?

అందుకే మూడో సీజన్లో వాడికి కోరుకున్నవన్నీ ఇచ్చేశారు. రాజభవనం, ప్రజల జేజేలు, తండ్రి మెప్పు. ఒక ఎపిసోడ్‌లో యుద్ధ సభకి పిలుపు రాలేదని కుమిలిపోతాడు. పిలుపు వస్తుంది, తండ్రి కుడిపక్కన కూర్చుంటాడు. తిరిగొచ్చి, అక్కడ ఉన్నది నేను కాదంటాడు. ఒకే సభ, రెండు సార్లు. మాట్లాడితే ముఖం కాలింది, నోరు మూసుకుంటే గౌరవం దక్కింది. ఈ రెండు దృశ్యాల మధ్య దాదాపు రెండు సీజన్ల దూరం ఉంది, ఎవరూ దాన్ని ఎత్తి చూపరు.

సూర్యగ్రహణం రోజు తండ్రికి ఎదురు నిలిచి వెళ్లిపోతాడు. ఆంగ్ బృందం చేర్చుకోదు. విభీషణుడు శరణు కోరినప్పుడు సుగ్రీవుడు అనుమానించినట్టే వీళ్లూ అనుమానిస్తారు, కాకపోతే అభయమిచ్చే రాముడు ఇక్కడ వెంటనే దొరకడు. పైగా కోపం పోయేసరికి వాడి నిప్పు కూడా బలహీనపడుతుంది. ఇన్నాళ్లూ దానికి ఇంధనం ద్వేషమే. ఆంగ్‌తో కలిసి డ్రాగన్ల దగ్గరికెళ్లి కొత్త మూలం వెతుక్కోవాల్సి వస్తుంది. మనసు మారితే చేతి విద్య చెడుతుందన్న ఈ ఆలోచన నాకు మిగతా అన్నిటికంటే నచ్చింది. ఫాంటసీ కాకపోతే దాన్ని ఇంత సూటిగా చూపలేం.

అందర్నీ మార్చాలన్న యావ లేకపోవడం కూడా ఈ రచయితల గొప్ప. ఓజాయ్ ముఖం రెండు సీజన్ల పాటు నీడలోనే ఉంటుంది, బయటపడ్డాక అందులో చూడ్డానికి ఏమీ ఉండదు. అజూలాది ఎదురు దారి, గెలిచేకొద్దీ మనసు చెదిరిపోతుంది. ఈ కథని తర్వాత వేరేవాళ్లూ తీశారు. 2010లో మనోజ్ నైట్ శ్యామలన్ తీసిన సినిమాలో దేవ్ పటేల్ జూకో వేశాడు. నటుడిది తప్పనలేం, మొదటి సీజన్ మొత్తాన్ని ఒక్క సినిమాలో కుక్కితే ఏ జూకో అయినా అంతే. 2024లో నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన రూపం ఒక తెలివైన పని చేసింది. యువరాజు నోరు తెరిచి కాపాడిన ఆ సైనిక దళమే తర్వాత వాడి ఓడ సిబ్బంది అని చెప్పింది. దృశ్యం బాగా కన్నీళ్లు పెట్టిస్తుంది. కానీ అంత తొందరగా ఋణం తీరిపోతే మిగతా దారి వాడికి కొంచెం సులువైనట్టుంది.

పాత సీరియల్ అంత సులువు చేయలేదు. ఆఖరి యుద్ధానికి ముందు జూకో, చెర తప్పించుకున్న పెదనాన్న గుడారం కనుక్కుంటాడు. ఆయన నిద్రపోతుంటే పక్కనే తెల్లవార్లూ కూర్చుని క్షమాపణ మాటలు కూర్చుకుంటాడు. ఐరో లేచి, వాడి మాటలు సగంలో ఉండగానే లాక్కుని కౌగిలించుకుంటాడు. మూడేళ్లు నడిపిన కథకి క్షమాపణ పూర్తిగా వినాల్సిన అవసరం లేకపోయింది.