నీళ్ళ వంతు

బెంగళూరు శివారు హెబ్బగోడి లోపలి లేఅవుట్లలో ఇళ్ళ మధ్య కట్టని సైట్లు ఇంకా మిగిలున్నాయి. అలాంటి ఒక సైటులో, యజమాని సరేనన్నాక, ఇంటికో మడి చొప్పున కూరలు పెంచుకుంటున్నాం. ఆదివారాలు దాని బాగోగులు చూసే పని కొందరం నెత్తినేసుకున్నాం. జీతం లేదు గానీ తోటకూర కట్టలకు కొదవ లేదు.

ఈ పనికి వచ్చేవాళ్ళు మట్టి గురించి నేర్చుకుందామని వస్తారు. మట్టితో పెద్ద పేచీ లేదు. రాగులూ అనపలూ పండించిన ఆనేకల్ తాలూకా ఎర్రనేల ఇది. పశువుల ఎరువు కలిపితే కూరలకూ ఒప్పుకుంటుంది. పేచీ అంతా మనుషులతోనే. ఒకరి చిక్కుడు పందిరి పక్కవాళ్ళ మెంతికూరను నీడలో ముంచుతుంది. ఇంకొకరు ఊరెళ్ళి నెలైనా రారు, వాళ్ళ మడిలో వయ్యారిభామ మోకాలెత్తు లేస్తుంది. అది పూతకు రాకముందే ఫోన్ చేయాలి. గింజ రాలాక ఎంత మర్యాదగా మాట్లాడినా దండగే.

నీళ్ళ తగువు మరో ఎత్తు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయలు జరిమానా అంది. ఆ వేసవిలో మా బోరూ సన్నగిల్లింది. పక్క అపార్ట్‌మెంటు వాళ్ళు శుద్ధి చేసిన మురుగునీళ్ళు ఇస్తామన్నారు. పచ్చిగా తినే కొత్తిమీరకు అవి వద్దనీ, పందిరెక్కే బీర, సొరల మొదళ్ళకు పారిస్తే చాలనీ నా వాదన. నెగ్గింది, కానీ కొత్తిమీర వేసినాయన ఇప్పటికీ ముభావమే.

ఇలాంటి నీళ్ళ పంపకానికి ఒకప్పుడు ఇటు బెంగళూరు చుట్టుపక్కల, అటు రాయలసీమలో చెరువు తూము తెరిచి పొలాలకు వంతులవారీగా నీళ్ళు పారించే నీరుగంటి ఉండేవాడు. తెలంగాణలో నీరటి. చాలాచోట్ల దళిత కుటుంబాలదే ఆ పని. సొంత పొలం లేనివాడికి పక్షపాతం ఉండదని మెచ్చుకునేవాళ్ళున్నారు. నీళ్ళు పంచే చేతికి పొలం ఎందుకు లేకపోయిందో మాత్రం అడగరు. అయినా అతనికి కళ్ళంలో గింజల వాటా ముట్టేది. మాకు అదీ లేదు కాబట్టి మా మాట వినకపోయినా ఎవరికీ మొహమాటం లేదు!

నేల మీదా మాకు హక్కు లేదు. ఇంగ్లండులో 1908 నాటి చట్టం ప్రకారం జనం అడిగితే స్థానిక సంస్థలే సాగుకు మడులు చూపించాలి. వాడుకలో ఒక్కో మడి సుమారు 250 చదరపు మీటర్లు. మాకు ఆధారం సైటు యజమాని మంచితనం ఒక్కటే. 2025 ఆగస్టులో మా వైపు ఎల్లో లైన్ మెట్రో నడవడం మొదలయ్యాక ఆ మంచితనానికి గడువు దగ్గరపడిందని అందరికీ అనుమానం. అందుకే చెట్లు నాటకూడదని నియమం పెట్టుకున్నాం.

“అన్నా, ఒగ మునక్కొమ్మ నాటుకుంటా” అంది అనంతపురం నుంచి వచ్చిన అక్క.

“నేలలో వద్దక్కా, డ్రమ్ములో పెట్టు.”

పెట్టింది. సైటు అమ్ముడుపోతే ఆ డ్రమ్ము మోయడానికి నలుగురిని ఇప్పుడే మాట్లాడుకుంటోంది. అందులో నేనొకణ్ణి.