విచారణ ఎవరిపై? ఓల్గా ‘మృణ్మయనాదం’ – లైంగిక దాడి చట్టాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఓల్గా ‘విముక్త’ సంపుటిలోని ‘మృణ్మయనాదం’ కథను లైంగిక దాడికి గురైన స్త్రీల చట్టబద్ధ హక్కులతో కలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. కథలో అహల్య విచారణను నిరాకరించడంలోని అర్థాన్ని, 1978 నాటి హైదరాబాదు ఉదంతాన్ని, తరువాతి చట్టసవరణలను, డోంగ్లి వంటి సరిహద్దు మండలంలో ఆ హక్కుల అమలును ఇందులో వరుసగా పరిశీలించడమైనది.

కీలకపదాలు: ఓల్గా, అహల్య, విచారణ, సమ్మతి, సఖి కేంద్రం, డోంగ్లి.

1. ఉపోద్ఘాతం:
ఒక నేరాన్ని సమాజం ఎలా అర్థం చేసుకున్నదో ఆ నేరానికి పెట్టిన పేరు చెబుతుంది. దొంగతనం అన్నప్పుడు దొంగ కనిపిస్తాడు. ‘మానభంగం’ అన్నప్పుడు కనిపించేది స్త్రీ పోగొట్టుకున్నదే తప్ప నేరస్థుడు కాడు. ‘చెరచు’ అన్నది ‘చెడు’ ధాతువుకు ప్రేరణరూపం; అందులో కర్త ఉన్నాడు. వాడుకలో అది ‘చెడిపోయింది’ అయ్యేసరికి కర్త మాయమై, క్రియ మొత్తం స్త్రీమీదికి చేరుతుంది. వ్యాకరణంలో జరిగిన ఈ మార్పే పోలీస్ స్టేషన్లలో, న్యాయస్థానాలలో చాలాకాలం జరిగింది. నేరస్థునిపై జరగవలసిన విచారణ ఫిర్యాదు చేసిన స్త్రీపైకి మళ్లింది. ఈ మళ్లింపును తెలుగు కథలో సూటిగా ప్రశ్నించిన పాత్ర ఓల్గా అహల్య.

2. అహల్య నిరాకరణ:
2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘విముక్త’ సంపుటిలో సీత వేర్వేరు కథలలో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలను కలుసుకుంటుంది. ‘మృణ్మయనాదం’లో ఆమెకు ఎదురైన అహల్య, ఇంద్రుడు మారువేషంలో వచ్చిన సంగతి తనకు తెలుసా తెలియదా అన్న ప్రశ్నకు సమాధానం ఇవ్వదు. ఆ ప్రశ్న వేసే అధికారం ఎవరిదన్నదే ఆమె ప్రశ్న. విచారణ మొదలుపెట్టడంలోనే అవిశ్వాసం ఉన్నదని, నిర్దోషి అని తేలినా తీర్పు చెప్పే అధికారాన్ని అంగీకరించినట్లే అవుతుందని ఆమె వాదన సారాంశం. భర్త దృష్టిలో తన ఇష్టానికి విలువ లేదని, చెదిరింది అతని సొత్తు మాత్రమేనని ఆమె గ్రహించింది.

ఈ కథను శిక్షాస్మృతి పక్కన పెట్టి చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. తాను ఆమె భర్తను కానని పురుషునికి తెలిసి, అతడే తన భర్త అని నమ్మి స్త్రీ సమ్మతిస్తే అది అత్యాచారమేనని 1860 నాటి భారత శిక్షాస్మృతి 375వ సెక్షను చెప్పింది. నేటి భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షనులోనూ ఆ అంశం ఉంది. అహల్య మోసపోయి ఉంటే, పురాణం శపించిన స్త్రీ చట్టం దృష్టిలో నేరానికి గురైన వ్యక్తి. అయితే అదే సెక్షను, పద్దెనిమిదేళ్లు నిండిన భార్య విషయంలో భర్తకు మినహాయింపునిస్తున్నది. మారువేషపు భర్త నుంచి రక్షించే చట్టం అసలు భర్త దగ్గర ఆమె అసమ్మతిని లెక్కించదు. సొత్తును గురించి అహల్య అన్నమాట ఇక్కడ ఇంకా నిలిచే ఉంది.

3. నల్లకుంట ఉదంతం:
1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషనులో ఒక పేద ముస్లిం స్త్రీపై పోలీసులు సామూహిక అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే ఆమె భర్త వారి దెబ్బలకు మరణించాడు. నగరం అట్టుడికింది. ఆ ఉదంతం ఆమె పేరుతోనే చరిత్రకెక్కినా, బాధితుల గుర్తింపును వెల్లడించరాదన్న నేటి చట్టనియమాన్ని గౌరవించి ఇక్కడ ఆ పేరు రాయడం లేదు.

ప్రభుత్వం నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ ఎదుట పోలీసుల పక్షం ఆమె నడతను, పెళ్లి చెల్లుబాటును ప్రశ్నించింది. ఆమెను వేశ్యగా చిత్రించింది. కమిషన్ పోలీసులనే దోషులుగా తేల్చింది. కాని కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయిన కేసులో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. నేరం జరిగిందా అన్న ప్రశ్నను ఆమె ఎలాంటిది అన్న ప్రశ్న పక్కకు నెట్టగలదని ఈ ఉదంతం చూపింది. అహల్య నిరాకరించిన విచారణ ఇదే.

4. చట్టం తిరిగిన మలుపులు:
నల్లకుంట ఉదంతం, మథుర కేసులో సుప్రీంకోర్టు తీర్పు దేశంలో రేపిన ఆందోళన ఫలితంగా 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారంలో సంభోగం రుజువై, తాను సమ్మతించలేదని స్త్రీ చెబితే కోర్టు ఆ మాటనే ప్రమాణంగా భావించాలన్న 114ఎ సెక్షను సాక్ష్యచట్టంలో చేరింది. రహస్య విచారణ, గుర్తింపు గోప్యత అప్పుడే వచ్చాయి. బాధితురాలి ‘అనైతిక నడత’ను చూపి ఆమె సాక్ష్యాన్ని తోసిపుచ్చే వీలిచ్చిన 155(4) నిబంధన మాత్రం మరో ఇరవై ఏళ్ల వరకు కొనసాగి 2002 నాటి సవరణచట్టంతో తొలగింది. సమ్మతి అంటే స్వచ్ఛందమైన, స్పష్టమైన అంగీకారమని, ప్రతిఘటించకపోవడం సమ్మతి కాదని 2013 సవరణ నిర్వచించింది. రెండువేళ్ల పరీక్ష చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ప్రశ్నను స్త్రీ నడతనుంచి పురుషుని చర్యవైపు తిప్పడానికి చట్టానికి పట్టిన కాలమిది.

5. డోంగ్లి నుంచి చూస్తే:
కాగితంమీది హక్కు ఎంతదూరం ప్రయాణించగలదో తెలియాలంటే అంచునుంచి చూడాలి. కామారెడ్డి జిల్లా పడమటి కొసన, బాన్సువాడ రెవెన్యూ డివిజనులో, మద్నూర్ నుంచి 2022లో విడివడిన మండలం డోంగ్లి. మహారాష్ట్ర సరిహద్దు పక్కనే ఉంది. తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు కలిసే ప్రాంతమిది.

ఇక్కడి స్త్రీకి మొదటి అవసరం జీరో ఎఫ్‌ఐఆర్. నేరం సరిహద్దుకు అవతల జరిగినా ఏ పోలీస్ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతున్నది. నమోదు చేయని అధికారి శిక్షార్హుడు. ఆమె ఫిర్యాదును మహిళా అధికారి రాసుకోవాలి. వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లో గాని, ఆమె కోరినచోట గాని తీసుకోవాలి. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ ఉచితంగా చికిత్స చేయాలి. వైద్యపరీక్షకు ఆమె సమ్మతి తప్పనిసరి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది. నల్సా 2018 పథకం ప్రకారం అత్యాచార కేసులలో పరిహారం 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల వరకు ఉంటుంది. వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి ఒకేచోట ఇవ్వడానికి 2015లో సఖి కేంద్రాల పథకం మొదలైంది. 181 సహాయవాణి ఉంది.

అయితే సఖి కేంద్రం జిల్లాస్థాయి వ్యవస్థ. కామారెడ్డి డోంగ్లికి జిల్లాలో మరో కొసన ఉంది. దూరం ఒక్కటే అడ్డంకి కాదు. మరాఠీలో ‘అబ్రూ’, దక్కనీ ఉర్దూలో ‘ఇజ్జత్’ అనే మాటలు సైతం తెలుగు ‘మానం’ లాగే పోగొట్టుకున్న పరువునే చెబుతాయి. ఆమె తన భాషలో చెప్పింది మరొకరు తెలుగులో రాసేటప్పుడు ‘అతడు బలవంతం చేశాడు’ అన్నది ‘ఆమె మానం పోయింది’గా మారితే, చట్టం నలభై ఏళ్లలో దిద్దుకున్న తప్పు ఒక్క వాక్యంలో తిరిగి వస్తుంది. కర్త లేని వాక్యం మీద కేసు బలంగా నిలబడదు.

6. ముగింపు:
‘మృణ్మయనాదం’ విచారణను పూర్తిగా నిరాకరిస్తుంది. ఆ నిరాకరణ ఆత్మగౌరవ ప్రకటనగా గొప్పది. కాని నేరస్థునికి శిక్ష కోరే స్త్రీ విచారణను కాదనలేదు. ఆ మెట్లు ఆమె ఎక్కవలసిందే. అహల్యకు ఎదురైనది భర్త అధికారం, తపస్వి శాపం. నేటి స్త్రీకి ఎదురుగా ఉన్నది ఆమె పక్షాన నిలబడవలసిన బాధ్యత ఉన్న రాజ్యం. ఈ తేడాను కథ పట్టించుకోలేదు. ఇది కథ పరిమితి.

కథ వేసిన ప్రశ్న మాత్రం చట్టానికి గీటురాయిగా నిలుస్తుంది. ఒక హక్కు విచారణను నేరస్థునివైపు తిప్పుతున్నదా, స్త్రీవైపే ఉంచుతున్నదా అన్నదే ఆ కొలత. నడతకు సంబంధించిన నిబంధన రద్దు ఈ కొలతకు నిలుస్తుంది. భర్తకిచ్చిన మినహాయింపు నిలవదు. సహాయసేవల సిబ్బందికి, వాంగ్మూలం రాసే అధికారికి చట్టంతోపాటు భాషలోనూ శిక్షణ అవసరమని ఈ పఠనం సూచిస్తున్నది. కర్తను వాక్యంలో నిలిపి రాయడం నేర్పే పని తెలుగు శాఖలు చేయగలిగినదే.