పేరు చెప్పి పాడండి

చైత్రమాసం ఇటుకల పండగ రోజుల్లో అరకు కొండల్లోని ఊళ్లలో ధింసా చూడాలి. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకుని వరస కడతారు. మోరి ఊదే ఆయన బుగ్గలు పొంగుతాయి. తుడుము దరువు మారగానే అడుగు మారుతుంది. వరసలో ఒకామె అప్పటికప్పుడు ఓ మాట కట్టి ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. మరుసటేడు అదే మాట పాడేటప్పుడు ఎవరు కట్టారో ఎవరూ అడగరు. అడగాల్సిన పనీ లేదు. కట్టినవాళ్లూ పాడేవాళ్లూ ఆ ఊరివాళ్లే.

కొండ దిగితే లెక్క మారుతుంది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు తన పాట తానే కట్టి, కాలికి గజ్జె కట్టి తానే ఆడి పాడారు. 2020లో ఆయన పోయారు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ మాత్రం ఇంకా ఎన్ని గొంతుల్లో ఉందో! అయినా పాటతో పాటు ఆయన పేరూ నిలిచింది.

అందరికీ ఆ భాగ్యం ఉండదు. ‘బండెనక బండి కట్టి’ అనగానే గద్దరే గుర్తొస్తారు. ‘మా భూమి’ సినిమాలో ఆయన పాడిన తీరు అలాంటిది. ఆ పాట కట్టింది మాత్రం తెలంగాణ సాయుధ పోరాటంలోని బండి యాదగిరి. గద్దర్ గొంతు లేకపోతే పాట ఇన్ని ఊళ్లు తిరిగేది కాదు, నిజమే. యాదగిరి లేకపోతే తిరగడానికి పాటే ఉండేది కాదు.

అమెరికాలో డాలీ పార్టన్ రాసిన పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నప్పుడు, హక్కుల్లో సగం ఇమ్మంటే ఆమె ఒప్పుకోలేదు. 1992లో అదే పాటను విట్నీ హ్యూస్టన్ పాడి లోకమంతా మోగించింది. రాసినామెకు రావాల్సింది వచ్చింది. మన దేశంలోనూ 2012 కాపీరైట్ సవరణ సినిమా పాట రాసినవారికి రాయల్టీలో వాటా ఖాయం చేసింది. ధింసా పాటకు ఆ దారి లేదు. ఊరంతా కట్టిన పాటకు ఎవరు సంతకం పెడతారు?

అందుకే రిసార్టుల్లో మంట చుట్టూ ఆడించి, ఫోన్లో తీసి పెట్టే వీడియోలు చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. కింద ఛానల్ పేరుంటుంది. మోరి ఊదిన ఆయన పేరుండదు, ఊరి పేరూ ఉండదు. హక్కు సంగతి చట్టం తేల్చాలి. పేరు రాయడానికి చట్టమెందుకు?

ఈసారి అరకు వెళ్తే, ఆట అయ్యాక ఆ బృందం దగ్గరికి వెళ్లండి. ఏ ఊరో, మోరి ఎవరిదో, పాట ఎత్తుకున్నది ఎవరో అడగండి. వాళ్లు సరేనంటే, వీడియో మొదట్లోనే ఆ పేర్లు రాయండి.