పొరుగింటి కంటపడని యాంటెన్నా

1981 నవంబరు 2న బ్రిటన్‌లో, సామాన్యులు తమలో తాము మాట్లాడుకునే సిటిజన్స్ బ్యాండ్ (సీబీ) రేడియో చట్టబద్ధమైంది. అప్పటికి కొన్నేళ్లుగా అమెరికా నుంచి దొంగచాటుగా వచ్చిన సెట్లతో లారీ డ్రైవర్లు, కుర్రకారు, రాత్రి నిద్రపట్టని ఒంటరివాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ప్రభుత్వం దిగివచ్చి ఎఫ్ఎం మీద 40 చానళ్లు ఇచ్చింది గానీ, షరతులు కూడా గట్టిగానే పెట్టింది. అందులో అందరినీ ఎక్కువగా బాధపెట్టినవి యాంటెన్నా మీద పెట్టినవి. కడ్డీ పొడవు 1.5 మీటర్లు దాటకూడదు. దాన్ని 7 మీటర్లకు మించిన ఎత్తులో పెడితే 4 వాట్ల శక్తిని పదోవంతుకు, అంటే 0.4 వాట్లకు తగ్గించుకోవాలి. 27/81 అనే ముద్రతో వచ్చిన ఆనాటి సెట్ల మీద 10 డెసిబెల్స్ తగ్గించే మీట ఒకటి ప్రత్యేకంగా ఉండేది. అక్కడి మామూలు రెండంతస్తుల ఇంటికి కప్పు కొన 7 మీటర్లు దాటే ఉంటుంది. కాబట్టి పొగగొట్టం పక్కన యాంటెన్నా కట్టిన ప్రతివాడూ చట్టప్రకారం ఆ మీట వేసుకోవలసిందే.

రేడియో లెక్కలో చూస్తే కడ్డీ పొడవు నిబంధన అన్యాయమైనది. సీబీ నడిచే 27 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 11 మీటర్లు. అందులో పావు వంతు కడ్డీ కావాలన్నా 2.75 మీటర్లు అవుతుంది. 1.5 మీటర్ల కడ్డీని అక్కడ పలికించాలంటే అడుగున తీగచుట్ట ఒకటి పెట్టాలి. ఆ చుట్టలో కొంత శక్తి వేడిగా పోతుంది. తర్వాత్తర్వాత ఈ షరతులు సడలాయి. 1987లో ఐరోపా మొత్తానికి ఉమ్మడిగా ఉన్న 40 చానళ్లు తోడయ్యాయి, 2006 డిసెంబరులో లైసెన్సు అవసరం పోయింది, 2014లో ఏఎం, సైడ్‌బ్యాండ్ కూడా అనుమతించారు. కానీ ఆ తొలి సంవత్సరాలు బ్రిటిష్ బ్రేకర్లకు, అంటే అక్కడ సీబీ వాడేవాళ్లకు, ఒక విద్య నేర్పాయి. ఇరుకు ఇంట్లో, అద్దె గదిలో, పక్కవాడు చిటపటలాడే వీధిలో చిన్న యాంటెన్నాతో పని జరిపించుకోవడం ఎలాగో అక్కడివాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదని నా నమ్మకం. పొడుగాటి ఫైబర్‌గ్లాస్ స్తంభాలు ఏ దుకాణంలోనైనా దొరుకుతున్న ఈ రోజుల్లోనూ ఆ విద్యకు విలువ తగ్గలేదు. ఎందుకంటే ఇళ్లు అవే, వీధులు అవే, పొరుగువాళ్లూ అవే.

కనపడని యాంటెన్నా ఎంచుకోవాలనుకునేవాళ్లు చాలామంది కేటలాగు తెరిచి పేర్లు, గెయిన్ అంకెలు చూడటంతో మొదలుపెడతారు. ముందు చూడవలసింది ఇల్లు. ఎత్తైన చోటు ఎక్కడుంది, దాని చుట్టూ లోహం ఎంత ఉంది, అక్కడినుంచి సెట్ దగ్గరికి కేబుల్ ఎంత దూరం నడవాలి అన్నవి తేలాక గానీ ఆకారం గురించి ఆలోచించే అవసరం రాదు. నేలకు దగ్గరగా పెరట్లో దాచిన ఖరీదైన యాంటెన్నా కన్నా అటకమీద కట్టిన రెండు తీగముక్కలు దూరం వినిపిస్తాయి. ఈ తరంగాలు దగ్గరి దూరాలకు దాదాపు చూపుమేరనే ప్రయాణిస్తాయి. అడ్డొచ్చే పక్కింటి గోడను, కొండను దాటించే శక్తి ఎత్తుకే ఉంది.

బ్రిటిష్ ఇంటి అటక ఇందుకు అద్భుతమైన చోటు. పైన పలకరాయి లేదా మట్టి పెంకు, కింద చెక్క దూలాలు. ఈ రెండూ 27 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పెద్దగా అడ్డుకోవు. వానకు పెంకులు తడిసినప్పుడు ట్యూనింగ్ కొద్దిగా జరుగుతుంది, అంతే. అడ్డుకునేది లోహం. చలి ఆపడానికి కప్పు అడుగున అల్యూమినియం రేకు పూసిన పలకలు బిగించిన ఇల్లయితే అటక మీద ఆశ వదులుకోవచ్చు. అది యాంటెన్నాను రేకు డబ్బాలో మూసినట్టే. కప్పు మీద సౌర ఫలకాలున్నా ఇబ్బందే. వాటి చట్రాలు లోహం, వాటి ఇన్వర్టర్లు రేడియోలో రొద పుట్టిస్తాయి. కరెంటు వైర్లు, నీళ్ల ట్యాంకుకు పోయే రాగి గొట్టాలు ఉన్నంతమాత్రాన భయపడనక్కరలేదు, వాటికి కనీసం ఓ మీటరు ఎడంగా కడితే చాలు.

అటక మధ్యలో నిలబడితే తలపైన కప్పు కొన అటక నేలనుంచి సుమారు రెండున్నర మీటర్ల ఎత్తుంటుంది. నడుమ కేబుల్ కలిసే రెండు చేతుల తీగ, అంటే సగం తరంగం డైపోల్, పొడవు సుమారు 5.3 మీటర్లు. అడ్డంగా కడితే సులువుగా పడుతుంది గానీ అది పొరపాటు. కార్లమీద, లారీలమీద కడ్డీలు నిలువుగా ఉంటాయి కాబట్టి సీబీలో దగ్గరి మాటలన్నీ నిలువు తరంగాలమీదే నడుస్తాయి. ఒకరిది నిలువు, ఒకరిది అడ్డం అయితే చూపుమేర దూరంలో 20 డెసిబెల్స్ దాకా నష్టం రావచ్చు. పంపిన శక్తిలో నూరో వంతు మాత్రమే పనికొచ్చినట్టు లెక్క. మరి 5.3 మీటర్ల తీగను రెండున్నర మీటర్ల ఎత్తులో నిలువుగా ఎలా కట్టాలి?

జవాబు తీగలో కరెంటు ప్రవహించే తీరులో ఉంది. స్కిప్పింగ్ తాడు తిప్పేటప్పుడు నడుము భాగం ఎంతో విశాలంగా ఊగుతుంది, చేతుల దగ్గర మాత్రం కదలిక దాదాపు ఉండదు. సగం తరంగం డైపోల్‌లో కరెంటు కూడా ఇంతే. నట్టనడుమ గరిష్ఠం, రెండు కొనల దగ్గర సున్నా. తరంగాన్ని బయటికి పంపేది కరెంటు కాబట్టి, తీగ పొడవులో మధ్య సగమే దాదాపు 70 శాతం పని చేస్తుంది. ఆ మధ్య సగాన్ని, అంటే సుమారు 2.6 మీటర్లను, అటక నేలనుంచి కప్పు కొన దాకా తిన్నగా నిలబెట్టి, మిగిలిన కొనలను పైన ఒక దూలం వెంబడి, కింద చెక్కనేల వెంబడి మడిచేస్తే సరిపోతుంది. ఆకారం ఇంగ్లిష్ జెడ్ అక్షరంలా వస్తుంది. అసలు పని చేసే భాగం నిలువుగానే ఉంది, ఎత్తులోనే ఉంది. పోగొట్టుకున్నది చాలా స్వల్పం. ఈ ఒక్క సూత్రం తెలిసినవాడు ఎలాంటి ఇంట్లోనైనా యాంటెన్నాను దాచగలడు. కొనలను వంచవచ్చు, మూలల్లోకి నెట్టవచ్చు. నడుమును మాత్రం ముట్టుకోకూడదు, దానికి ఎత్తు, ఖాళీ ఇవ్వాలి. కొనల దగ్గర ఓల్టేజి ఎక్కువ కాబట్టి అవి చేతికి తగలకుండా, లోహానికి ఆనకుండా చూసుకుంటే చాలు.

తీగ ఏదైనా పరవాలేదు, ఇంటి వైరింగుకు వాడేదీ పనికొస్తుంది. ఒక్కో చేయి 2.75 మీటర్లు కోసి మొదలుపెట్టి, యాంటెన్నానుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చూస్తూ రెండు వైపులా సమానంగా తగ్గించుకుంటూ రావాలి. ప్లాస్టిక్ తొడుగున్న తీగ కాస్త పొట్టిగానే తేలుతుంది. 1, 20, 40 చానళ్ల మీద కొలవండి. 40 మీద ఎక్కువ, 1 మీద తక్కువ చూపిస్తే యాంటెన్నా ఇంకా పొడవుగా ఉందన్నమాట. 1.5 చూపితే వెనక్కి వచ్చేది 4 శాతమే, అక్కడితో ఆపేయవచ్చు. దాన్ని 1.1కి దింపడానికి రాత్రంతా అటకమీద గడిపేవాళ్లున్నారు. ఆ శ్రమకు ఫలితం అవతలివాడి చెవికి అందదు. 3 చూపితే మాత్రం నాలుగోవంతు శక్తి వెనక్కి వస్తోంది, అప్పుడు వెతకవలసిందే.

అటక లేనివాళ్ల సంగతి వేరు. పెరడు ఉంటే నాకు అన్నిటికన్నా నచ్చేది బ్రేకర్లు టీ2ఎల్‌టీ అని పిలుచుకునే తీగ యాంటెన్నా. పైన పావు తరంగం తీగ, దాని కింద మరో పావు తరంగం పొడవున కేబుల్ పైతొడుగే రెండో చేయిగా పనిచేస్తుంది. ఆ చేయి ముగిసేచోట అదే కేబుల్‌ను కొన్ని చుట్లు చుట్టి కరెంటును అక్కడితో ఆపేస్తారు. మొత్తం ఒకే కేబుల్ ముక్కతో అయిపోతుంది. పక్కకు చాచే చేతులు లేవు, డబ్బాలు లేవు. చెట్టు కొమ్మకు వేలాడదీస్తే పది అడుగుల దూరంలోంచి కూడా కనపడదు. చెట్టు లేకపోతే మడిచి దాచుకునే ఫైబర్‌గ్లాస్ చేపలగాలం బొంగులో దూర్చి, మాట్లాడే వేళకు లేపి, తర్వాత దించేయవచ్చు. బొంగు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. తేలిగ్గా ఉంటాయని కార్బన్ ఫైబర్‌వి అమ్ముతారు. కార్బన్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, యాంటెన్నాను చెడగొడుతుంది. రంగు వేయాలనుకున్నా లోహపు పొడి లేని రంగే వాడాలి. బ్రిటిష్ ఆకాశానికి మెరుపులేని బూడిదరంగు బాగా కలిసిపోతుంది. తెల్లటి స్తంభం వీధి చివరినుంచే కంట్లో పడుతుంది.

ఫ్లాట్లలో ఉండేవాళ్లకు బాల్కనీ ఒక్కటే దిక్కు. ఇటలీలోని సిరియో కంపెనీ బూమరాంగ్ పేరుతో కమ్మీకి బిగించుకునే రెండు చేతుల యాంటెన్నా అమ్ముతుంది. కారు యాంటెన్నాను ఇనుప కమ్మీకి బిగించడం మరో దారి. కమ్మీ లోహం దానికి నేలలా పనిచేస్తుంది. మీటరు వ్యాసంలో రాగి గొట్టాన్ని వలయంగా వంచి, సర్దుబాటు కెపాసిటర్ పెట్టిన మాగ్నెటిక్ లూప్ మరీ చిన్న చోట్లో కూడా మంచి ఫలితమిస్తుంది. కానీ అది చాలా సన్నని పట్టీలోనే పలుకుతుంది, చానల్ నాలుగైదు మెట్లు మార్చితే మళ్లీ తిప్పుకోవాలి. కెపాసిటర్ మీద ఓల్టేజి ఎక్కువ కాబట్టి పిల్లలు తిరిగే బాల్కనీలో నేనైతే పెట్టను.

ఇంతవరకు కంటికి కనపడకుండా చేయడం గురించే. దాని కన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. 1980లలో బ్రిటన్‌లో సీబీ మీద జనానికి కోపం వచ్చింది కడ్డీలు చూసి కాదు, తమ టీవీ బొమ్మమీద గీతలు చూసి, స్పీకర్లలో ఎవరివో మాటలు విని. యాంటెన్నాను ఎంత బాగా దాచినా పక్కింటి స్పీకర్ బయటపెట్టేస్తే దాచి ఏం లాభం? చిన్న యాంటెన్నాల్లో, ముఖ్యంగా నేలతీగలు లేని వాటిలో, మిగులు కరెంటు కేబుల్ పైతొడుగు వెంబడి వెనక్కి పాకుతుంది. అప్పుడు కేబుల్ అంతా యాంటెన్నా అవుతుంది. గోడలోని టీవీ వైర్ల పక్కనుంచి, ఫోను తీగల పక్కనుంచి తరంగాలు వెదజల్లుతుంది. దీన్ని ఆపాలంటే యాంటెన్నా కలిసే చోటే కేబుల్‌ను ఫెరైట్ వలయంలో కొన్ని చుట్లు చుట్టాలి. చోక్ అనే ఈ చుట్ట లేకుండా అటకలో యాంటెన్నా కట్టడం పొరుగువాళ్ల పట్ల మర్యాద కాదు. మీకూ దానివల్ల లాభముంది. కేబుల్ ఇంట్లోని రొదను లోపలికి తీసుకురావడం ఆగిపోతుంది.

కేబుల్ విషయం ఒక్క మాట. సన్నని ఆర్‌జీ-58 తీగ 20 మీటర్లు వాడితే 27 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు ఒకటిన్నర డెసిబెల్ పోతుంది, 4 వాట్లలో ఒక వాటుకు పైగా దారిలోనే. అటకనుంచి పడకగదికి పదిమీటర్లలోపే అయితే అదే చాలు.

అమెరికాలో ఈ కథకు మరో రూపం. అక్కడ చట్టం ఉదారమైనదే. సీబీ యాంటెన్నాను నేలనుంచి 60 అడుగుల ఎత్తుదాకా నిలబెట్టుకోవచ్చు. అడ్డం వచ్చేది ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ). డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు హెచ్‌ఓఏ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. గడ్డి ఎత్తు నుంచి తలుపు రంగు దాకా దాని చేతిలోనే. 1996లో వచ్చిన సమాఖ్య నిబంధన మీటరు వ్యాసం లోపు టీవీ డిష్‌లను ఈ సంఘాల బారినుంచి కాపాడింది గానీ, సీబీ యాంటెన్నాకు ఆ రక్షణ లేదు. అందుకే జెండా కర్రలో దాచిన యాంటెన్నాలు అక్కడ పుట్టాయి. మన దేశంలో ఉన్నవాళ్లకు మాత్రం వేరే హెచ్చరిక చెప్పాలి. ఇక్కడ 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ మధ్య 5 వాట్ల లోపు సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉన్నది, యాంటెన్నా సెట్‌లోనే అమర్చి ఉంటేనే. డాబా మీద యాంటెన్నా కట్టాలన్న కోరిక ఉన్నవాళ్లు పరీక్ష రాసి అమెచ్యూర్ లైసెన్సు తీసుకోవడం సరైన దారి.

దాచిన యాంటెన్నాతో ఎంత దూరం? బాగా కట్టిన అటక డైపోల్‌కు, అదే డైపోల్‌ను బయట అంతే ఎత్తులో పెట్టినదానికి తేడా చాలా ఇళ్లలో సెట్‌మీది ఎస్-మీటరులో ఒక గీతకు మించదు. ఒక గీత అంటే 6 డెసిబెల్స్. ఊరి మాటలకు ఆ తేడా అడ్డు కాదు. మే నుంచి ఆగస్టు మధ్య అయనావరణంలో ఈ-పొర అక్కడక్కడా దట్టమైనప్పుడు బర్మింగ్‌హామ్ అటకలోని తీగకు ఇటలీ, స్పెయిన్ గొంతులు స్పష్టంగా వస్తాయి.

ఇందులో అందరూ మరిచిపోయే పని ఒకటుంది, అది తీగ కోయకముందే చేయాలి. బ్యాటరీతో నడిచే చిన్న రిసీవర్ పట్టుకుని అటక, పెరడు, బాల్కనీ మొత్తం ఒకసారి రాత్రివేళ తిరగండి, ఇంట్లో దీపాలన్నీ వెలుగుతూ, టీవీ నడుస్తూ ఉన్నప్పుడు. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, కరెంటు వైరులోనే ఇంటర్నెట్ పంపే పెట్టెలు 27 మెగాహెర్ట్జ్ దగ్గర భయంకరమైన రొద చేస్తాయి. కొన్నిసార్లు రెండు మీటర్లు పక్కకు జరిగితే ఆ రొద సగానికి పడిపోతుంది. ఒక్కో మూలలో వినిపించే రొదను కాగితం మీద రాసుకుని, అన్నిటికన్నా నిశ్శబ్దంగా, ఎత్తుగా ఉన్న చోటును ముందు గుర్తు పెట్టుకోండి. తీగ ఏ ఆకారంలో మడవాలో ఆ చోటును బట్టి తేల్చుకోవచ్చు.