సారు చూసిండా?

మంజీర ఒడ్డున బీర్కూర్‌లోనైనా, పక్కనున్న బాన్సువాడలోనైనా సర్కారు బడిలో లెక్కలకు కొదవ లేదు. హాజరు శాతం, ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల మార్కులు, మధ్యాహ్న భోజనం తిన్నవాళ్లు... అన్నీ రిజిస్టర్లకెక్కుతాయి. బడిలో తమకూ చోటుందని, తమ కష్టాన్ని ఎవరో గుర్తిస్తున్నారని పిల్లలు అనుకుంటున్నారా? దానికి మాత్రం గడి లేదు. ఉండాలని నా గట్టి నమ్మకం. కాపీ దిద్దుతూ టీచరు ఎర్ర ఇంకుతో 'గుడ్' అని రాస్తే పిల్లాడు ఆ పేజీని బెంచీ బెంచీకీ తిప్పుతాడు. వట్టి టిక్కు పడితే పక్కవాణ్ని అడుగుతాడు: "సారు చూసిండా?"

ఈ భావన కొలవలేనిదేం కాదు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హాకిన్స్, రిచర్డ్ కాటలానో మత్తు, హింసల నుంచి పిల్లల్ని కాపాడేవాటిలో బడితో అనుబంధం ఒకటని నమ్మి పనిచేశారు. వాళ్ల సర్వేలో ఇవీ అడుగుతారు: తరగతి నిర్ణయాల్లో నీకు అవకాశముందా, బాగా చేస్తే టీచరు గమనించి చెబుతారా, ఇంటికి కబురు పెడతారా? జవాబులు నాలుగే: కానే కాదు, కాదు, అవును, ముమ్మాటికీ అవును. 'ఏమో'కు తావు లేదు.

ఆ సర్వేనే తెలుగు చేసి పంచితే సరిపోదు. మన పిల్లలకు చేతికొచ్చిన ప్రతి కాగితమూ పరీక్షే. సారు ఎదురుగా 'కాదు' అని రాయడానికి జంకుతారు. అందుకే పేరు రాయించకూడదు, క్లాస్ టీచరు గదిలో ఉండకూడదు.

అవకాశం సంగతి అడిగేటప్పుడు అసలు చిక్కు 'పని' దగ్గర. బడిలో నీకు పని చెబుతారా అంటే అందరూ అవుననే అంటారు. గంట కొట్టేది, ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించేది మాత్రం ఎప్పుడూ ఆ ఒకరిద్దరే. గది ఊడ్చేది, నీళ్లు తెచ్చేది వేరే పిల్లలు, చాలాచోట్ల ఆడపిల్లలు. ప్రతిజ్ఞ చెప్పించినవాడు ఇంటికెళ్లి గొప్పగా చెప్పుకుంటాడు, ఊడ్చిన పిల్ల చెప్పదు. అందుకే మన దగ్గర ప్రశ్న ఇలా ఉండాలి: ఈ వారం బడిలో ఏం పని చేసినవ్? ఎవరు చెప్పిన్రు? మళ్లీ చెయ్యబుద్ధయితదా?

వచ్చిన జవాబులకు తరగతి సగటు తీస్తే వెనక బెంచీ మాయమైపోతుంది. ఆడపిల్లలవి, మగపిల్లలవి, ముందు వరుసవి, వెనక వరుసవి విడివిడిగా లెక్కగట్టాలి. పేర్లు లేవు కనుక 'కానే కాదు' అన్నదెవరో తెలియదు, తెలుసుకోనూ కూడదు. అందుకే గంట, ప్రతిజ్ఞ, చీపురు మూడూ వంతులవారీగా అందరికీ తిప్పాలి. నవంబర్ 14న పిల్లలే టీచర్లై స్వయంపరిపాలన జరిపే బడుల్లో హెడ్మాస్టరు కుర్చీకి చీటీలు వేయాలి. సంక్రాంతి సెలవులయ్యాక అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి.