బంతి ఉన్న చెడుగుడు

సంక్రాంతికి భోగాపురంలో పుట్టింటికి వెళితే నాకు రెండు పనులు తప్పవు. ఒకటి, అరిసెల పాకం దగ్గర నిలబడి వదినకి సలహాలివ్వడం. ఆవిడ వినదనుకోండి, అది వేరే సంగతి. రెండోది, టీవీ రిమోట్ తగాదా తీర్చడం. మా వారికి క్రికెట్టు తప్ప మరొకటి ఆటే కాదు. నాకా? చెప్తే నవ్వకండి, నాకు చెడుగుడు. పట్నం పేరు కబడ్డీ.

మొన్న పండక్కి ఆ తగాదాలోకి మా తమ్ముడి కొడుకు కూడా వచ్చి చేరాడు. ఆక్లండ్‌లో చదువుకుంటున్నాడు. ఇక్కడున్నన్నాళ్ళూ వాడికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. గది గోడ నిండా మెస్సీ బొమ్మలే. అలాంటివాడు ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి మా అందరికీ రగ్బీ చూపించాడు. కోడిగుడ్డు ఆకారంలో ఓ బంతి, దాన్ని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఓ మనిషి, అతన్ని పడెయ్యడానికి ఎదురొచ్చే ఓ గోడలాంటి జట్టు. చేత్తో బంతిని ముందుకి విసరకూడదట. వెనకున్న వాళ్ళకే ఇవ్వాలట. అంటే ముందుకెళ్ళాలనుకున్నవాడు ఎదురుగా ఉన్న మనుషుల్లోకే వెళ్ళాలన్న మాట.

ఎనభై దాటిన మా మేనత్త కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూసింది. "ఒరే గుంటడా, ఇది మన సెడుగుడే కదరా! మద్దిలో ఆ గుడ్డులాటి బంతొకటెట్టుకున్నారు, అంతే" అని తేల్చేసింది.

ఇల్లంతా నవ్వింది గానీ, నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. ప్రపంచంలో సగం మంది వెంటపడే ఫుట్‌బాల్‌ని వదిలేసి కొందరు రగ్బీయే బాగుందని ఎందుకంటారు? ఇంటింటా క్రికెట్ మోగే మన దేశంలో నాలాంటి వాళ్ళు చెడుగుడు ముందు ఎందుకు కూర్చుంటారు? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటేనేమో అనిపించింది.

మా వాణ్ణే అడిగాను. "ఫుట్‌బాల్లో పడిపోతే లాభం అత్తా. ఇందులో లేస్తే లాభం" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. ఫుట్‌బాల్లో గోలు దగ్గర ఎవరో కాలు తగిలించి పడేస్తే పెనాల్టీ వస్తుంది. అంచేత తగిలినా తగలకపోయినా పడిపోయే విద్య ఒకటి పుట్టింది. మోకాలు పట్టుకుని నాలుగు దొర్లులు దొర్లి, విజిల్ వినపడగానే లేచి పరిగెత్తేవాళ్ళని మనం చూస్తూనే ఉన్నాం. అలా నటిస్తే పసుపు కార్డు చూపించమని నిబంధనల్లోనే ఉంది. అయినా నటన ఆగలేదు. రగ్బీలో పడేస్తే బంతి వదిలెయ్యాలి, లేవాలి, మళ్ళీ ఆటలోకి రావాలి. పడుకుని ఏడుస్తూ కూర్చుంటే ఆట తనని దాటి వెళ్ళిపోతుంది. పైగా టీవీలో వచ్చే పెద్ద మ్యాచ్‌ల్లో రెఫరీకి మైకు ఉంటుంది. ఆయన ఎవరికి ఏం చెప్పాడో చూసేవాళ్ళందరికీ వినపడుతుంది. దాపరికం తక్కువ.

"అంటే మొరటుతనం మీద మోజన్న మాట!" అన్నారు మా వారు. చాలామంది అనుకునేదీ అదే. కానీ ఈ రెండు ఆటలూ విడిపోయిన కథ చూస్తే ఆ మాట నిలవదు. 1863లో లండన్‌లో కొన్ని క్లబ్బుల వాళ్ళు కూర్చుని ఫుట్‌బాల్‌కి ఒకే రకం నిబంధనలు రాసుకోబోయారు. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చా, ఎదుటివాడి ముంగాలి మీద తన్నవచ్చా అన్న దగ్గర పేచీ వచ్చింది. ఆ తన్నులు ఉండాల్సిందేనన్న వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. తమాషా ఏమిటంటే, 1871లో రగ్బీ వాళ్ళు తమ సంఘం పెట్టుకుని నిబంధనలు రాసుకున్నప్పుడు వాళ్ళే ఆ తన్నుల్ని తీసేశారు. తన్నులు పోయినా ఆట పోలేదు. అభిమానులు ఇష్టపడ్డది దెబ్బల్ని కాదన్న మాట. దెబ్బ తగిలినా దాన్ని సాకుగా చూపించని మనిషిని.

ఇక మన చెడుగుడుకొద్దాం. బ్యాటు అక్కర్లేదు, బంతి అక్కర్లేదు, బూట్లు కొనమని పిల్లలు ప్రాణం తియ్యరు. ఇసుకలో ఓ గీత గీస్తే చాలు. ఒక్కళ్ళే కూతకెళ్ళాలి. అవతల ఏడుగురు. ముప్ఫై సెకన్లలో ఎవరినో ఒకరిని తాకి, మన గీత దగ్గరికి తిరిగి రావాలి. పడేసినా సరే, చివరి వేలు గీతని తాకితే గెలిచినట్టే. చెడుగుడులో పడ్డవాళ్ళ చెయ్యి మోకాలి మీదికి పోదు, గీత మీదికి పోతుంది!

అంతకంటే నాకు నచ్చేది మరొకటుంది. క్రికెట్లో అవుటైన బ్యాట్స్‌మన్ తలొంచుకుని వెళ్ళి కుర్చీలో కూర్చోవాలి. ఆ ఇన్నింగ్స్‌కి అతని కథ అయిపోయింది. చెడుగుడులో అవుటైనవాళ్ళు బయట కూర్చుంటారు గానీ, మనవాళ్ళొకరు అవతలివాళ్ళలో ఒకరిని అవుట్ చేస్తే, ముందు వెళ్ళినవాళ్ళు తిరిగి లోపలికొస్తారు. ఒకరి ఊపిరితో మరొకరు లేచి రావడం! ఉమ్మడి కుటుంబంలో నలిగిన మనకి ఈ సూత్రం వేరే చెప్పాలా? ఒకామె మంచాన పడితే ఇంకొకామె పొయ్యి దగ్గరికి వస్తుంది, మళ్ళీ ఆమెని ఈమె లేపుతుంది.

అన్నీ మంచి గుణాలే అంటే మా వారు ఊరుకోరు, మీరూ నమ్మరు. క్రికెట్లో ఓపిక ఉంది, ఒక బౌలరు గంటసేపు ఒకే చోట వల పన్నే అందం ఉంది. అది చెడుగుడులో దొరకదు. దాపరికం లేని ఆట అని నేను మురిసిపోతుంటే, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన మగవాళ్ళకీ ఇరాన్‌కీ జరిగిన ఫైనల్లో ఒక్క కూత పాయింట్లు ఎవరికన్న తగాదాతో ఆటే ఆగిపోయింది. చివరికి 33–29తో మనవాళ్ళు గెలిచారు గానీ, ఆ గెలుపు చూసి నేను పూర్తిగా చప్పట్లు కొట్టలేకపోయాను.

నాకు ఈ ఆట అభిమానులతో ఉన్న పెద్ద పేచీ ఇంకొకటి. 'మగాళ్ళ ఆట' అంటారు. మన సినిమాలూ అదే పాట. 2003లో వచ్చిన 'ఒక్కడు'లో కబడ్డీ ఆడేది హీరో, కాపాడబడేది హీరోయిన్. మా పక్కనున్న భీమిలి పేరు పెట్టుకుని 2010లో వచ్చిన 'భీమిలి కబడ్డీ జట్టు'లోనూ జట్టంతా అబ్బాయిలే. ఆసియా క్రీడల్లో మాత్రం 2010 నుంచే ఆడవాళ్ళ కబడ్డీ ఉంది. 2010, 2014 రెండుసార్లూ బంగారం మనదే. 2018లో జకార్తాలో మన అమ్మాయిల్ని ఇరాన్ అమ్మాయిలు 27–24తో ఓడించారు. ఆ ఇరాన్ జట్టుకి ఆట నేర్పిన గురువు ఎవరనుకున్నారు? నాసిక్ నుంచి వెళ్ళిన శైలజా జైన్. మన ఆడమనిషే! ఆ తరవాత హాంగ్‌ఝౌలో మన అమ్మాయిలు చైనీస్ తైపేని 26–25తో, ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. ఆ క్రీడల్లో దేశానికి నూరో పతకం అదే.

ఇదంతా అరిసెలు తింటూ నేను ఉపన్యాసంలా చెప్తుంటే, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మెల్లిగా సంచిలోంచి ఓ కాగితం తీసింది. స్కూలు కబడ్డీ జట్టులోకి తీసుకున్నారట. తల్లిదండ్రుల సంతకం కావాలట. ఆ కాగితం నెల్లాళ్ళ కిందటే నాకిచ్చింది. "చూద్దాంలే" అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకు గుర్తొచ్చినవి దాని మోకాళ్ళు, ఎండకి నల్లబడే మొహం, రేపు పెళ్ళిచూపుల్లో ఎవరో అడగబోయే ప్రశ్న.

"నీకు చెడుగుడు చూడ్డమే ఇష్టమా అమ్మా?" అంది.

ఎవరూ నవ్వలేదు. ఇదే పెరటి వెనక జీడిమామిడి తోటలో, ఇసుకలో, నేను కూడా కూతకెళ్ళినదాన్నే. పన్నెండో ఏట ఓణీ వేసిన రోజున "ఇంక చాలు, లోపలికి రా" అంది మా అమ్మ. వచ్చేశాను. ఎవరూ ఎవరినీ అవుట్ చెయ్యలేదు, నన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదు. ముప్ఫై ఏళ్ళుగా గీత బయట కూర్చుని చూస్తున్నాను. అందుకేనేమో నాకు ఈ ఆట అంత బాగా కనపడుతుంది.

ఆటని మెచ్చుకోవడం సులువు. రగ్బీ మేలా ఫుట్‌బాల్ మేలా, చెడుగుడు గొప్పా క్రికెట్ గొప్పా అని పండగపూట గంటలు గంటలు వాదించుకోవచ్చు. మనింటి పిల్ల మోకాలు గీరుకున్నప్పుడు కూడా అదే మాట మీద నిలబడగలమా అన్నది అసలు పరీక్ష. ఆ పరీక్షలో నేను నెల్లాళ్ళు ఫెయిలయ్యాను.

మేనత్త నా వంక చూసి, "ఏటే, పెన్ను నేదేటి?" అంది.

పెన్ను మా వారి జేబులో ఉంది. సంతకం పెట్టాను. పండగ వెళ్ళిన మర్నాడు మా అమ్మాయి తోటలోంచి రెండు మోకాళ్ళూ గీరుకుని వచ్చింది. వదిన పసుపు తెచ్చింది. నేను రాస్తుంటే అది కుంటుతూనే, అవతల వాళ్ళలో ఎవరెవరిని తాకిందో లెక్క చెప్పింది.