ఆల్చిప్పకూ ఒక పదును

కదిరిలో ఆల్చిప్ప అనగానే స్వాతి చినుకు, ముత్యం కథే గుర్తొస్తుంది. అసలు కథ చెబితే మా వేరుశనగ రైతుకు చప్పున అర్థమవుతుంది. అదీ పదును కథే కాబట్టి. పదునంటే విత్తడానికి నేల తడి సరిగ్గా కుదిరే అదను.

ఆల్చిప్ప పిల్ల పుట్టాక రెండు మూడు వారాలు నీళ్లలో ఈదుతుంది. మిల్లీమీటరులో మూడో వంతు అయ్యేసరికి దానికో నల్లటి కంటిచుక్క, పాకడానికో పాదం వస్తాయి. అప్పుడు చోటు వెతుకుతుంది. పాకి, తడిమి, నచ్చకపోతే లేచి మళ్లీ ఈదుతుంది. నచ్చితే బొట్టు జిగురు విడిచి ఎడమ చిప్పను అతికించుకుంటుంది. ఇక చచ్చేదాకా అక్కడే. కన్నూ, పాదమూ కరిగిపోతాయి. అందుకే అన్ని పరీక్షలు పెడుతుంది. గరుకు కావాలి, నీడ కావాలి, ఒండ్రు ఉండకూడదు, సూక్ష్మజీవుల పలచటి పొర పట్టి ఉంటే మేలు. అన్నిటికీ మించి తనవాళ్ల వాసన తగలాలి. పెద్ద ఆల్చిప్పలు నీళ్లలోకి వదిలే రసాయనాలే ఆ వాసన.

కేరళలోని అష్టముడి ఉప్పునీటి సరస్సులో పాత చిప్పలను తాడుకు గుచ్చి వెదురు పందిళ్లకు వేలాడదీసేది అందుకే. ఎప్పుడు దించాలన్నదే విద్యంతా. ముందే దించితే ఒండ్రు పేరుకుని, బార్నకిల్స్ లాంటి అతుక్కునే జీవులు చోటు ఆక్రమిస్తాయి. ఆలస్యమైతే పిల్లలు ఇంకెక్కడో అతుక్కుపోతాయి. గొర్రు కట్టే ముందు మన్ను పిడికిట్లో పట్టి చూసేవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

మద్రాసు తీరపు ఉప్పునీటి కయ్యల్లో ఆల్చిప్పలు గుడ్లు విడిచే వేళను నిర్ణయించేదేమిటని మత్స్య పరిశోధకుడు జేమ్స్ హోర్నెల్ 1910లోనే ఆరా తీశాడు. వాన పడితే నీటి ఉప్పదనం మారుతుంది, ఆ మార్పే గుడ్లకు పిలుపు. కాబట్టి చినుకు మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. ముత్యం సంగతి వేరు.

నాకు బాగా నచ్చినవాడు ఫ్రాన్స్‌లోని అర్కషాన్ తాపీమేస్త్రీ మిషెలె. ఇంటికప్పు పెంకుల మీద పిల్లలు బాగానే అతుక్కునేవి గానీ, ఊడదీస్తే పగిలేవి. 1865లో ఆయన పెంకులకు సున్నం పూశాడు. సున్నం పొర రాలుతుంది, పిల్ల పగలదు. గోడలకు సున్నం కొట్టేవాడికి తట్టాల్సిన ఉపాయమే అది! శతాబ్దం దాటాక తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లూ సున్నం పెంకులే వాడారు.

అమెరికా పసిఫిక్ తీరపు హేచరీలు కన్ను వచ్చిన పిల్లలను తడిగుడ్డలో మూటగట్టి, చల్లగా ఉంచి దూరాలకు పంపుతాయి. లక్షల పిల్లలు గుప్పెట్లో ఇముడుతాయి. అంటే కదిరి బస్టాండుకూ పార్శిల్ వేయొచ్చన్నమాట. మా బోరు నీళ్లు ఉప్పగానే ఉంటాయి గానీ, వాటికి ఆ ఉప్పు చాలదు.